మూడుల్ క్విజ్: పరీక్ష మధ్యలో తెగిపోతే టీచరు చేతిలో ఏముంటుంది?

ఆన్‌లైన్ టెస్టులకు ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగే టీచర్లను నేను తిరిగి ఒకటే అడుగుతాను. పరీక్ష సగంలో ఉండగా ఒక పిల్లకి నెట్ పోయిందనుకోండి, ఆ తర్వాత మీరేం చేయగలరు? ప్రశ్నలు ఎక్కించడం, ఆప్షన్లు పెట్టడం, మార్కులు ఎక్సెల్‌లోకి దించుకోవడం ఇప్పుడు దాదాపు అన్నిట్లోనూ ఉన్నాయి. అంతా సాఫీగా జరిగిన రోజు ఏదైనా బాగానే కనిపిస్తుంది. ఏదో ఒకటి చెడిన రోజున టీచరుకు ఎంత అధికారం, ఎంత సమాచారం ఇస్తుందన్నదే నా కొలత. ఆ కొలతతో చూస్తే నేను వాడినవాటిలో మూడుల్ క్విజ్‌కే, అంటే మూడుల్ (Moodle) అనే ఆన్‌లైన్ చదువుల సాఫ్ట్‌వేర్‌లో ఉండే పరీక్షల భాగానికే, నా ఓటు. ఎందుకో రాస్తాను, ఎక్కడ జాగ్రత్త పడాలో కూడా రాస్తాను.

మాది హిందూపురం. బెంగళూరులో హోస్కోటె వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్టియర్ వాళ్ళకి బేసిక్ ఎలక్ట్రికల్ చెప్తాను. మా క్లాసుల్లో కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల పిల్లలు బాగా ఉంటారు. బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు వైపు నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. పండగ సెలవుల్లో టెస్టు పడితే ఊరినుంచే రాస్తారు. చేతిలో ఒక ఆండ్రాయిడ్ ఫోను, అందులో రోజువారీ డేటా, అంతే వాళ్ళ పరీక్ష హాలు. వీటీయూ (విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం) పద్ధతిలో సీఐఈకి, అంటే మనం ఇంటర్నల్స్ అనేదానికి, యూనివర్సిటీ పరీక్షతో సమానంగా వెయిటేజీ ఉంది. సీఐఈలో 40 శాతం రాకపోతే అసలు యూనివర్సిటీ పరీక్షకే అర్హత ఉండదు. కాబట్టి పది మార్కుల క్విజ్ కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఆ పది మార్కులే ఒక పిల్లవాడి సెమిస్టరును నిలబెట్టవచ్చు.

మూడుల్‌కు ముందు మా దగ్గర డబ్బు కట్టి తీసుకున్న ఒక ప్లాట్‌ఫామ్ ఉండేది. పేరు రాయను. పరీక్ష స్క్రీను వదిలి పక్కకు పోతే హెచ్చరిక ఇవ్వడం, మళ్ళీ పోతే ఇంకోటి ఇవ్వడం, ఆ తర్వాత పరీక్షే మూసేయడం దాని పద్ధతి. బాగేపల్లి దగ్గర పల్లె నుంచి ఒకమ్మాయి రాస్తోంది. ఫోను వాళ్ళ నాన్నది. పాల సొసైటీ నుంచి ఎవరో వరసగా కాల్ చేశారు. కాల్ వచ్చిన ప్రతిసారీ స్క్రీను మారింది, చివరికి పరీక్ష మూతపడింది. "మేడం, నేనేం చూళ్ళేదు మేడం, కాల్ కట్ చేస్తా ఉంటే అదే పోయింది" అని ఒకటే ఏడుపు. నా వైపు చూస్తే 'రద్దయింది' అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేదు. ఏ టైముకు ఆగింది, అప్పటికి ఎన్ని రాసింది, రాసినవి ఏమయ్యాయి, ఏదీ కనపడదు. కంపెనీకి మెయిల్ పెడితే టికెట్ నంబరు వచ్చింది. జవాబు వచ్చేలోపు మార్కులు ఎక్కించే గడువు దాటిపోయింది. మా హెచ్‌ఓడీ మేడం మంచి మనసుతో ఒప్పుకుని ఆ అమ్మాయికి పేపరు మీద మళ్ళీ టెస్టు పెట్టించారు. అయినా నాకది మనసులో నిలిచిపోయింది. తప్పు చేయని పిల్ల, తాను తప్పు చేయలేదని బతిమాలి చెప్పుకోవాల్సి రావడం ఏ పరీక్షలోనైనా అన్యాయమే.

తర్వాత కాలేజీ సొంత సర్వరు మీద మూడుల్ పెట్టారు. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామాస్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. మొదటి వెర్షన్ 2002లో వచ్చింది. లైసెన్సు ఫీజు లేదు. సర్వరు ఖర్చు, చూసుకునే మనిషి జీతం మాత్రం ఉంటాయి. ఉచితం అన్న మాట విని మేనేజ్‌మెంట్లు ఈ రెండోది మరిచిపోతాయి. సర్వరును పట్టించుకునే సిస్టమ్ అడ్మిన్ లేని చోట మూడుల్ పెట్టొద్దని ముందే చెప్పేస్తున్నా.

ఇప్పుడు నెట్ పోయిన పిల్ల సంగతికి వద్దాం. మూడుల్‌లో విద్యార్థి ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్ళిన ప్రతిసారీ జవాబు సర్వరుకు చేరుతుంది. పేజీ మారకపోయినా మామూలుగా నిమిషానికోసారి తనంతట తనే సేవ్ చేసుకుంటుంది. కనెక్షన్ పోతే పేజీ మీదే హెచ్చరిక వస్తుంది: గత కొద్ది నిమిషాల్లో రాసిన జవాబులు పక్కన రాసి పెట్టుకో, మళ్ళీ కనెక్ట్ అవడానికి చూడు అని. ఆ హెచ్చరిక ఎలా ఉంటుందో పరీక్షకు ముందే పిల్లలకు చూపించండి. చూపించకపోతే అది కనపడగానే భయపడి బ్రౌజరు మూసేస్తారు. మూసేసినా కొంప మునగదు. అదే ఫోనులోనో, పక్కింటి అన్న ల్యాప్‌టాప్‌లోనో లాగిన్ అయితే ఆపిన చోటునుంచే కొనసాగించవచ్చు. సేవ్ అయిన జవాబులు అలాగే ఉంటాయి.

గడియారం మాత్రం ఆగదు. టైము లెక్క సర్వరుది. 30 నిమిషాల పరీక్షలో పన్నెండు నిమిషాలు కరెంటు లేకపోతే ఆ పన్నెండు నిమిషాలూ పోయినట్టే. ఇక్కడే ఓవర్‌రైడ్ అనే సదుపాయం అక్కరకొస్తుంది. ఒక్క విద్యార్థిని ఎంచుకుని ఆ ఒక్కరికే టైము పెంచవచ్చు, ముగింపు గంట జరపవచ్చు, ఇంకో అటెంప్ట్ ఇవ్వవచ్చు, పాస్‌వర్డ్ వేరేది పెట్టవచ్చు. మిగతా క్లాసుకు ఏదీ మారదు. పరీక్ష నడుస్తుండగానే టైము పెంచినా పనిచేస్తుంది, పేజీ ఒకసారి రీలోడ్ చేయమని పిల్లలకు చెప్పాలి, లేకపోతే పాత గడియారమే కనపడుతూ ఉంటుంది. "నెట్ హోయ్తు మేడం" (నెట్ పోయింది మేడం) అని కన్నడంలో మెసేజ్ రాగానే నేను చేసే మొదటి పని ఆ పిల్లవాడి పేరు మీద ఓవర్‌రైడ్ తెరవడం. ఆ తర్వాతే ఏం జరిగిందని అడుగుతాను. ఆ కంగారులో ఉన్నవాణ్ణి ముందు విచారణకు పిలవకూడదు.

ఓవర్‌రైడ్‌కు ఇంకో ఉపయోగం ఉంది, దీన్ని ఎవరూ మరవకూడదు. వైకల్యం ఉన్న విద్యార్థులకు అదనపు సమయం ఇవ్వాలన్నది కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. స్క్రైబ్‌కు, అంటే వాళ్ళ బదులు రాసిపెట్టే మనిషికి, అర్హత ఉన్నవాళ్ళకు గంటకు కనీసం 20 నిమిషాలు. ఆ లెక్కన అరగంట క్విజ్‌కు పది నిమిషాలు కలపాలి. పేపరు పరీక్షలో గుర్తుపెట్టుకుని ఇస్తాం, ఆన్‌లైన్ క్విజ్ దగ్గరికొచ్చేసరికి అందరికీ ఒకటే టైము పెట్టేస్తాం. సెమిస్టరు మొదట్లోనే అలాంటి పిల్లలందరినీ ఒక గ్రూపుగా పెట్టుకుంటే ప్రతి క్విజ్‌కూ ఆ గ్రూపుకు ఒక్క ఓవర్‌రైడ్ సరిపోతుంది. వాళ్ళు ప్రతిసారీ వచ్చి అడుక్కోవాల్సిన అవసరం ఉండదు.

జరిగిందేమిటో తెలుసుకోవడానికి రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి లాగ్స్. ఎవరు, ఏ టైముకు, ఏ ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు) నుంచి అటెంప్ట్ మొదలుపెట్టారు, ఎప్పుడెప్పుడు తెరిచారు, ఎప్పుడు సమర్పించారు అన్నీ వరసగా ఉంటాయి. రెండోది నాకు ఇంకా ఇష్టమైంది, రెస్పాన్స్ హిస్టరీ. విద్యార్థి రాసిన ఏ ప్రశ్న తెరిచినా కింద చిన్న పట్టీ ఉంటుంది. ఫలానా టైముకు మొదలైంది, ఫలానా టైముకు ఈ జవాబు సేవ్ అయింది, తర్వాత దాన్ని మార్చి ఇది పెట్టారు, ఫలానా టైముకు ముగిసింది అని. "నేను కరెక్టే పెట్టాను మేడం, అదే మారిపోయింది" అనే పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ పట్టీ చూపిస్తాను. చాలాసార్లు వాడికే గుర్తొస్తుంది, చివర్లో అనుమానంతో మార్చానని. కొన్నిసార్లు వాడు చెప్పిందే నిజమని తేలుతుంది, నెట్ పోయిన టైముకు సరిగ్గా ఆ జవాబు దగ్గర ఖాళీ కనపడుతుంది. రెండు సందర్భాల్లోనూ మాట మీద మాట ఉండదు.

అయితే లాగ్స్‌ను నేరపరిశోధనలా వాడకండి. ఇద్దరికి ఒకే ఐపీ వచ్చింది కాబట్టి కలిసి రాశారు అని మా స్టాఫ్ రూములో కూడా వాదన వచ్చింది. హాస్టల్ వైఫైలో ఉన్నవాళ్ళందరూ బయటికి ఒకే ఐపీతో కనపడతారు. మొబైల్ డేటాలోనూ ఒకే ఐపీని చాలామంది పంచుకుంటారు. అలాగే ఒకే పరీక్షలో ఒక పిల్లకి రెండు ఐపీలు కనపడితే వైఫై పోయి డేటాకు మారిందని అర్థం కావచ్చు. ఐపీ చూసి అడగవచ్చు, ఐపీ చూసి మార్కులు కోయకూడదు.

టైము అయిపోయినా కొందరి అటెంప్ట్ 'జరుగుతోంది' అని చూపిస్తోందంటే కంగారు పడకండి. నెట్ పోయి మళ్ళీ రాలేని పిల్లల అటెంప్ట్‌ను మూసి సమర్పించే పని సర్వరులో క్రాన్ అనే ప్రోగ్రాం చేస్తుంది. అది ఆగిపోయి ఉంటే ఆ అటెంప్ట్‌లు అలాగే వేలాడుతుంటాయి. అడ్మిన్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటే: "క్రాన్ నిమిషానికోసారి నడుస్తోందా సార్?" ఇంకోటి, టైము ముగిసినప్పుడు ఏం జరగాలన్న సెట్టింగు 'తనంతట తానే సమర్పించు' అన్నదాని మీదే ఉండాలి. టైములోపు సమర్పించకపోతే లెక్కలోకి రాదు అనే ఆప్షన్ కూడా ఆ పక్కనే ఉంది. పల్లెటూరి నెట్‌తో రాసే పిల్లలకు అది ప్రాణాంతకం. ఒకవేళ ఎవరిదైనా అలా 'సమర్పించలేదు' అని మిగిలిపోతే, 4.2 వెర్షన్ నుంచి టీచరే దాన్ని తిరిగి తెరవవచ్చు.

నాలాంటి ఎలక్ట్రికల్ టీచర్లకూ, లెక్కలు, ఫిజిక్సు చెప్పేవాళ్ళకూ అసలు సంపద న్యూమరికల్ ప్రశ్నల్లో ఉంది. జవాబుతోపాటు ఎంత తేడా ఒప్పుకుంటామో కూడా ఇవ్వవచ్చు. 12 వోల్టులు, 4.7 ఓములు అంటే కరెంటు 2.553 ఆంపియర్లు. ఒకరు 2.55 అని రాస్తారు, ఒకరు 2.6 అంటారు. మామూలు షార్ట్ ఆన్సర్‌గా పెడితే అక్షరం అక్షరం పోల్చి ఒకరికి సున్నా వేస్తుంది. న్యూమరికల్‌లో 0.01 తేడాలోపు ఉంటే పూర్తి మార్కు, 0.05 లోపు ఉంటే సగం మార్కు అని రెండు వరసలు పెట్టుకోవచ్చు. యూనిట్లు ప్రశ్నలోనే రాసేయండి, "జవాబు ఆంపియర్లలో, రెండు దశాంశాల వరకు, అంకె మాత్రమే" అని. యూనిట్ వాళ్ళను టైపు చేయమంటే ఒక్కొక్కరు ఒక్కో రకంగా కొడతారు, ఆ తర్వాత ఫిర్యాదుల పరంపర.

దీనికి పైమెట్టు క్యాలిక్యులేటెడ్ ప్రశ్న. వోల్టేజికి, రెసిస్టెన్సుకి అంకెల బదులు గుర్తులు పెట్టి, జవాబు దగ్గర సూత్రం రాసి, ఏ అంకె నుంచి ఏ అంకె దాకా ఉండాలో చెప్తే, మూడుల్ ఒక్కో గుర్తుకు వంద విలువల దాకా తయారు చేసుకుంటుంది. ఒకరి ప్రశ్నలో 12 వోల్టులు, పక్కవాడి ప్రశ్నలో 18 వోల్టులు. వాట్సాప్ గ్రూపులో 'మూడో ప్రశ్నకు 2.55' అని పెట్టినా ఎవరికీ ఉపయోగం లేదు. పద్ధతి అడిగి తెలుసుకున్నారంటే మాత్రం నాకు సంతోషమే, అదీ చదువే. కాపీని ఆపడానికి కెమెరాలు పెట్టి పిల్లల ఇళ్ళల్లోకి తొంగిచూడటం కంటే ఇది వెయ్యి రెట్లు మర్యాదైన మార్గం అని నా గట్టి నమ్మకం. బీజగణితం జవాబులు కావాలంటే, ఉదాహరణకు ఒక సమాసాన్ని ఏ రూపంలో రాసినా ఒప్పుకోవాలంటే, క్రిస్ సాంగ్విన్ బ్రిటన్‌లో తయారుచేసిన స్టాక్ (STACK) అనే ప్లగిన్, అంటే మూడుల్‌కు అదనంగా చేర్చుకునే ప్రోగ్రాం, ఉంది. అది మాక్సిమా అనే బీజగణిత సాఫ్ట్‌వేర్‌తో జవాబును పరీక్షిస్తుంది. అడ్మిన్ సాయం లేనిదే పెట్టలేం, నేర్చుకోవడానికీ టైము పడుతుంది. లెక్కల డిపార్ట్‌మెంట్లు చూడాల్సింది.

ఇక కీ తప్పు పడటం. పదిమంది కలిసి ప్రశ్నలు ఎక్కించే ఉమ్మడి బ్యాంకులో ఎక్కడో ఒకటి దొర్లుతుంది. మా డిపార్ట్‌మెంట్ బ్యాంకులో త్రీఫేజ్ ప్రశ్న ఒకదానికి లైన్ వోల్టేజి బదులు ఫేజ్ వోల్టేజి కీగా పడింది. దాన్ని ఏ పిల్లా చెప్పలేదు, స్టాటిస్టిక్స్ రిపోర్టు చెప్పింది. అందులో ప్రతి ప్రశ్నకూ రెండు అంకెలు చూడండి. ఫెసిలిటీ ఇండెక్స్ అంటే ఆ ప్రశ్నకు క్లాసు సగటున ఎంత శాతం మార్కులు తెచ్చుకుందని. డిస్క్రిమినేషన్ ఇండెక్స్ అంటే మిగతా పరీక్ష బాగా రాసినవాళ్ళు ఈ ప్రశ్న కూడా బాగా రాశారా అని. మొదటిది బాగా తక్కువగా ఉండి రెండోది మైనస్‌లోకి పోయిందంటే, బాగా చదివే పిల్లలే ఆ ప్రశ్నను 'తప్పు' చేస్తున్నారు. అలాంటప్పుడు పిల్లల్ని అనుమానించే ముందు కీని అనుమానించాలి. కీ సరిచేసి రీగ్రేడ్ నొక్కితే అందరి మార్కులూ మళ్ళీ లెక్కకడుతుంది. దానికి ముందు 'డ్రై రన్' అని ఉంటుంది, ఎవరి మార్కు ఎంత మారబోతోందో నిజంగా మార్చకుండానే చూపిస్తుంది. అది చూశాకే అసలుది నొక్కండి. 4.0 నుంచి ప్రశ్నలకు వెర్షన్లు వచ్చాయి కాబట్టి క్విజ్ ఏ వెర్షన్ వాడుతోందో కూడా ఒకసారి సరిచూసుకోవాలి. పేపరు మీద అయితే ఇన్ని కట్టలు మళ్ళీ ఎవరు దిద్దుతారని తప్పుడు కీని అలాగే వదిలేసిన రోజులు నేను విద్యార్థిగా చూశాను. ఇక్కడ ఆ సాకుకు చోటు లేదు.

సెట్టింగుల పేజీ పొడవు. మొదటిసారి తెరిచినవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. అన్నీ అర్థం చేసుకోనక్కర్లేదు గానీ రివ్యూ ఆప్షన్ల పట్టికను మాత్రం వదలకండి. పరీక్ష రాస్తుండగా, రాసిన వెంటనే, క్విజ్ ఇంకా తెరిచి ఉండగా, మూసేశాక అని నాలుగు నిలువు వరసలు ఉంటాయి. సరైన జవాబు చూపించే టిక్కు చివరి వరసలో మాత్రమే ఉంచండి. లేకపోతే ముందు ముగించినవాడి స్క్రీన్‌షాట్ అయిదు నిమిషాల్లో క్లాసంతా తిరుగుతుంది. ముగింపు గంట పెట్టడం మరవొద్దు, పెట్టకపోతే 'మూసేశాక' అన్న సమయమే రాదు, పిల్లలు తమ తప్పులు ఎప్పటికీ చూసుకోలేరు.

అన్ని సెక్షన్లనూ ఒకే నిమిషానికి మొదలుపెట్టించకండి. సర్వరు మీద ఎక్కువ బరువు పడేది అందరూ ఒక్కసారి 'మొదలుపెట్టు' నొక్కినప్పుడే. సెక్షన్‌ను ఒక గ్రూపుగా చేసి గ్రూప్ ఓవర్‌రైడ్‌తో పది పది నిమిషాల తేడా ఇవ్వండి.

ల్యాబులో పెట్టే పరీక్షకు సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ ఉంది. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ అనే యూనివర్సిటీ తయారుచేసింది, 3.9 నుంచి మూడుల్‌లోనే దానికి సెట్టింగులు వచ్చాయి. పరీక్ష తప్ప ఇంకేదీ తెరవనివ్వదు. విండోస్, మ్యాక్, ఐప్యాడ్, ఐఫోన్‌లకే ఉంది, ఆండ్రాయిడ్‌కు లేదు. ఇంటినుంచి ఫోనులో రాసే పిల్లలకు దాన్ని తప్పనిసరి చేస్తే సగం క్లాసు బయటే నిలబడుతుంది.

స్కూల్లో చిన్న క్లాసులు చెప్పే మా అక్క, మారతహళ్ళిలో ఉంటుంది, తనకూ మూడుల్ కావాలా అని అడిగింది. వద్దన్నాను. పాఠం అయ్యాక పది ప్రశ్నలతో పిల్లలకు అర్థమైందో లేదో చూడటానికి గూగుల్ ఫామ్స్ క్విజ్ హాయిగా సరిపోతుంది. ఫోనులో పదిహేను నిమిషాల్లో తయారవుతుంది, జవాబులు షీట్‌లోకి వచ్చేస్తాయి, ప్రశ్నల వరస కలిపేయవచ్చు. దానికి సొంతంగా టైమర్ లేదు, వేరే పేజీలు తెరవనివ్వని లాక్డ్ మోడ్, స్కూలు నిర్వహించే క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లలోనే పనిచేస్తుంది. మార్కులు రిపోర్టు కార్డు మీదికి ఎక్కని చోట ఆ రెండూ లేకపోయినా ఫర్వాలేదు. మార్కు మీద ఒకరి ఏడాది ఆధారపడిన చోట మాత్రం నేను మూడుల్ వైపే ఉంటాను.

తెలుగులోనో కన్నడంలోనో ప్రశ్నలు పెట్టేవాళ్ళకు ఒక మాట. ఒక్కో ప్రశ్నా వెబ్ పేజీలో టైపు చేస్తూ కూర్చోకండి. ఎయికెన్ (Aiken) అనే ఫార్మాట్ ఉంది, నోట్‌ప్యాడ్‌లో ప్రశ్న ఒక లైను, కింద ఆప్షన్లు ఒక్కోటి ఒక్కో లైను, చివర సరైన ఆప్షన్ చెప్పే లైను. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఒక ఖాళీ లైను. ఆప్షన్ల ముందు గుర్తులు (A. B. లాంటివి), చివరి లైను (ANSWER: B లాంటిది) మాత్రం ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేదంటే తెలుగు, కన్నడ అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు. దిగుమతి అయ్యాక ప్రివ్యూలో, అదీ ఫోనులో తెరిచి, ప్రతి ప్రశ్నా ఒకసారి చదవండి. పిల్లలు చూసేది ఆ స్క్రీనులోనే.